‘పాప పోయింది’ అనే ట్యాగు

ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తుంది. ఒకసారి మంచినీళ్ళకి, ఇంకోసారి ఎందుకు లేచిందో తనకే గుర్తుండదు. టీవీ చూస్తూ చూస్తూ వెళ్ళి చెప్పుల స్టాండు సర్దుతుంది. కాపురానికొచ్చిన మొదటి నెలలోనే అత్తగారు ఆమెకి ‘కాలుగాలిన పిల్లి’ అని పేరు పెట్టేసింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. “నేను చూసే లిఫ్టులు కూడా రోజుకి ఇన్నిసార్లు ఎక్కి దిగవు” అని నవ్వేవాడు.

ఉద్యోగం బస్‌స్టేషన్‌లో, పోయిన వస్తువుల గదిలో. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, సంచులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఒకసారైతే ఏకంగా ఒక పళ్ళసెట్టు, సాయంత్రానికి ఆ గదికి చేరతాయి. ఆమె ఒక్కోదానికి చీటీ కట్టి, ఏ బస్సులో దొరికిందో రాసి అరల్లో పెడుతుంది. పందొమ్మిదేళ్ళుగా కౌంటర్‌కి అవతల నిలబడ్డ ప్రతి మనిషీ మొదట చెప్పే మాట ఒకటే: “పోయిందండీ.” ఆమె జవాబూ ఒకటే: “పోయేదెక్కడికి, ఉండండి చూద్దాం.” పదింట్లో ఆరు దొరికేవి. ‘పోవడం’ అంటే ఆమెకి దొరకడానికి ముందు మెట్టు, అంతే.

నలభై ఆరో ఏట, పై అరలోని పెట్టె దించబోయి నిచ్చెన మీదనుంచి పడి మడమ విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కదలడానికి వీల్లేదన్నాడు డాక్టరు. ఆమెని కదలొద్దనడం కన్నా ఇంకో నాలుగెముకలు విరగ్గొట్టడం నయం. మూడోరోజుకే మంచం మీద కూర్చుని దిండు గలేబుల కుట్లు విప్పి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. చూడలేక అక్క కూతురు తన ఫోనులో ఒక సీరియల్ పెట్టిచ్చింది.

సముద్రం మీద తిరిగే ఓడ కథ అది. ఓడలో ఒక డాక్టరమ్మ, ఒక వంటాయన, ఒడ్డున దొరికితే వాళ్ళిద్దరూ పెంచుకుంటున్న ఒక పాప. ఆమె నాలుగు రోజుల్లో మొత్తం చూసేసింది. ఆఖరి భాగంలో డాక్టరమ్మకీ వంటాయనకీ మాటల్లేవు. అక్కడితో అయిపోయింది.

“తరవాతేమైందే?” అని అడిగింది.

“తియ్యడం ఆపేశారు పిన్నీ. మిగతాది జనం రాసుకుంటున్నారు.”

“ఏ జనం?”

“మనలాంటి జనమే. చూడు.”

అలా ఆ సైటు చూసింది. ఆగిపోయిన సీరియళ్ళకి, అయిపోయిన సినిమాలకి, నచ్చిన నవలలకి అభిమానులు తమ తృప్తికోసం రాసుకునే కథలన్నీ అక్కడ ఉంటాయి. ఒక్క ఓడ సీరియల్ మీదే ఏడువేల కథలున్నాయి. ప్రతి కథ నెత్తిన, అందులో ఏముందో చెప్పే చిన్న చిన్న ట్యాగులు. ఏ ట్యాగు పెట్టాలో చెప్పేవాళ్ళెవరూ లేరు. రాసినవాళ్ళ ఇష్టం.

ఆమెకి కావలసింది ఒక్కటే, ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్న కథలు. ఒకళ్ళు ‘రాజీ’ అని పెట్టారు. ఇంకొకళ్ళు ‘మళ్ళీ మాటలు’. ఇంకొకళ్ళు ‘వంటగదిలో క్షమాపణ’, ‘ఇద్దరికీ బుద్ధొచ్చింది’, ‘హమ్మయ్య’. ఒక మహాతల్లి అయితే ‘వీళ్ళు మాట్లాడుకునేసరికి నాకు జుట్టు నెరిసింది’ అని పెట్టింది. ఒకటి నొక్కితే తక్కినవి రావు. పందొమ్మిదేళ్ళుగా నల్ల గొడుగునీ ముదురు నీలం గొడుగునీ ఒకే అరలో పెట్టి ఏది ఎవరిదో చెప్పగలిగిన మనిషికి ఇది చూస్తుంటే ఒళ్ళు జిలపెట్టింది. కూర్చుని రెండు పేజీల ఫిర్యాదు రాసింది.

జవాబు వెంటనే వచ్చింది. రాసినావిడ ట్యాగులు చూసుకునే బృందానికి పెద్ద. ఉద్యోగ విరమణ చేసిన లెక్కల టీచరు. అందరూ పెద్దక్క అంటారు. జవాబు ఒకటే వాక్యం: “మీకంత ఓపికుంటే మీరే రండి.”

అది పిలుపో ఎత్తిపొడుపో ఆమె ఆలోచించలేదు. వెళ్ళింది.

పని చెప్పుకోవడానికి చిన్నది. రాసినవాళ్ళు ఏ మాట పెట్టినా దాన్ని చెరపకూడదు. వెనకనుంచి మాత్రం, ఒకే అర్థం ఉన్న ట్యాగులన్నిటినీ ఒక పెద్ద ట్యాగు కింద కలపాలి. అప్పుడు ‘హమ్మయ్య’ నొక్కినా ‘రాజీ’ నొక్కినా కథలన్నీ ఒక్కచోటికి వస్తాయి. ఆమె కట్టు విప్పేలోపే ఓడ సీరియల్ చిక్కులు సగం తీసేసింది. బృందంలో ఆమెకి ‘దువ్వెన’ అనే పేరు ఖాయమైంది. ఉద్యోగంలో మళ్ళీ చేరాక కూడా కౌంటర్ దగ్గర జనం లేనప్పుడు, బస్సులో, కుక్కర్ కూతకీ కూతకీ మధ్య అదే పని. ఇంట్లో చెప్పుల స్టాండు చెదిరినా పట్టించుకోవడం మానేసింది. “పోనీలే, పిల్లికి ఉన్నిబంతి దొరికింది” అంది అత్తగారు.

మూడేళ్ళు అలా నడిచింది. అప్పటికి కలపకుండా మిగిలిపోయిన ట్యాగుల వరుస తొమ్మిదివేలు దాటింది. పెద్దక్క ఒక పక్షం రోజులు పెట్టి, అందరూ చేతనైనంత ఊడ్చేయమంది. వానపడుతున్న ఒక మధ్యాహ్నం, కౌంటర్‌కి పురుగైనా రాలేదు. ఆమె నిలబడే మూడువందల పన్నెండు ట్యాగులు కలిపేసింది. కథలు తెరిచి చూడలేదు, పేర్లు చూసింది. ‘పాప పోయింది’ అని ఒకటి కనబడింది. అరవై నాలుగు కథలకి ఉంది. రెండో ఆలోచన లేకుండా దాన్ని ‘పాప తప్పిపోయింది’ కింద చేర్చింది. వేలు నొక్కడానికి ఎంతసేపు పడుతుంది?

వారం తరవాత పెద్దక్క ఒక ఉత్తరం పంపింది. పైన “నువ్వే చూడు” అని మాత్రం రాసింది. కింద ఒక పాఠకురాలి మాటలు.

“నేను ఈ సైటులో ‘పాప తప్పిపోయింది’ అన్న కథలు మాత్రమే చదువుతాను. చివరికి ఎలాగూ దొరుకుతుంది కాబట్టి. ఓడంతా వెతుకుతారు, దీవంతా వెతుకుతారు, ఆఖరికి ఏ తాడుచుట్ట వెనకో నిద్రపోతూ కనిపిస్తుంది. నా పాప ఇంక కనిపించదు. అందుకని ఈ పాప కనిపిస్తుంటే చదువుతాను. నిన్న బస్సులో చదివిన కథలో పాప దొరకలేదు, చనిపోయింది. మీ ట్యాగు నమ్ముకునే చదివాను. దిగాల్సిన చోట దిగలేకపోయాను. ఎవరు కలిపారో తెలియదు. తిట్టడానికి రాయలేదు. చూసుకోమని రాశాను.”

ఆమె ఉత్తరం చదవగానే సైటు తెరిచింది. కలిపినదాన్ని విడదీయడానికి ఒక్క నొక్కు చాలు, నొక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ రోజు కౌంటర్‌లో ఒకాయన చేతికర్ర అడిగితే గొడుగు తెచ్చిచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూసుకుని, “ఇది విచ్చుకుంటోందమ్మా” అన్నాడు. ఆమెకి నవ్వు కూడా రాలేదు. మామూలుగా ఒకటో నంబరు బస్సు ఎక్కేది, ఇంటికి నడిచి వెళ్ళింది. దారిపొడుగునా ఆ మనిషి దిగలేకపోయిన స్టాపు ఏదై ఉంటుందా అని ప్రతి స్టాపు దగ్గరా ఒక క్షణం ఆగింది.

ఇంట్లో అల్మారా ఖాళీ చేసింది, మళ్ళీ నింపింది. భర్త కాసేపు చూసి టీ పెట్టి తెచ్చాడు. చెప్పింది. అతను విని, “మూడువందల్లో ఒకటి తప్పింది. నేను తాడు బిగించిన లిఫ్టు కూడా...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లిఫ్టు తాడు సంగతిలో మూడువందలకొకటి అనే లెక్క చెల్లదని మాట నోట్లో ఉండగానే అతనికి తట్టింది. “తాగు, చల్లారిపోతుంది” అన్నాడు.

మర్నాడు పొద్దున అత్తగారికి కాళ్ళకి మందు రాస్తూ ఉన్నట్టుండి అడిగింది.

“అత్తయ్యా, పాప పోయింది అంటే మీకేమర్థమవుతుంది?”

ముసలావిడ కాలు వెనక్కి లాక్కుంది. “ఎవరింట్లో?”

“ఎవరింట్లోనూ కాదు. ఊరికే మాట.”

“ఊరికే మాటేమిటే! ఎవరింట్లో? చెప్పినవాళ్ళ మొహమెలా ఉంది? సంతలో పోయిందా, ఆస్పత్రిలో పోయిందా?”

“మొహం కనపడదత్తయ్యా. అక్షరాలే.”

“అయితే అడగాలి. తెలీనప్పుడు అడుగుతాం గానీ, మనంతట మనమే ఒకటి అనేసుకుంటామా?” అని కాలు మళ్ళీ చాపింది. “వేలి సందుల్లో రాయి.”

ఆ అరవై నాలుగు కథలూ చదవాలని ఆమె నిర్ణయించుకుంది. చదవమని ఎవరూ అడగలేదు. తొమ్మిది రోజులు పట్టింది. బస్సులో నిలబడి చదివింది. పొయ్యి దగ్గర చదివి ఒక గిన్నె మాడ్చింది. నలభై ఒక్క కథల్లో పాప తప్పిపోయింది, దొరికింది. పందొమ్మిదింటిలో చనిపోయింది. ఆ పందొమ్మిదీ చదువుతున్నప్పుడు కళ్ళు తుడుచుకోవడానికి ఫోను ఎన్నిసార్లు పక్కన పెట్టిందో లెక్కలేదు. మూడు కథల్లో పాప ఊరికే పోయింది, అంటే బడికి పోయింది, ఓడ దిగి హాస్టలుకి పోయింది. ఆఖరిదాంట్లో పాప అసలు పాపే కాదు, వంటాయన పెంచుకున్న కోడిపెట్ట. ఆ ఒక్కటీ చదివాక తొమ్మిదిరోజుల్లో మొదటిసారి బిగ్గరగా నవ్వింది. కౌంటర్ అవతల సంచి కోసం వచ్చిన అమ్మాయి బెదిరిపోయింది.

ఆ పాఠకురాలికి క్షమాపణ రాసింది. తప్పు తనదేననీ, విడదీశాననీ, అరవై నాలుగూ చదివి వేరుచేశాననీ నాలుగు వాక్యాలు. జవాబు రాలేదు. రోజుకి పదిసార్లు చూసుకునేది.

ఆదివారం పొద్దున బృందం సమావేశం. ఇరవై మూడు మంది ఎవరిళ్ళలోంచి వాళ్ళు ఫోన్లలో కనబడుతున్నారు. ఆమె ఫోను చేత్తో పట్టుకుని వంటింటినుంచి వరండాకి, వరండానుంచి వంటింటికి తిరుగుతూ మాట్లాడింది.

“కాసేపు కూర్చో తల్లీ, మాకు కళ్ళు తిరుగుతున్నాయి” అంది పెద్దక్క.

“కూర్చుంటే మాట రాదక్కా. నేను చెప్పేది ఒకటే. అర్థం సందేహంగా ఉన్న ట్యాగుని మనం కలపొద్దు. రాసినవాళ్ళని అడుగుదాం. ఎవరేది కలిపినా వారంపాటు అందరికీ కనపడేలా ఉంచుదాం. పాఠకులకి కూడా. తప్పనిపిస్తే చెప్తారు.”

“రోజుకి ఆరొందల కొత్త ట్యాగులొస్తున్నాయి, ఎంత ఊడ్చినా వరుస మళ్ళీ తొమ్మిదివేలకే వచ్చింది” అంది పెద్దక్క. “ఒక్కోదానికీ ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చుంటే నా మనవలు కూడా పూర్తి చెయ్యలేరు. నువ్వు ఒక్క పొరపాటు చేశావు, దిద్దుకున్నావు. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తున్నావు.”

“అన్నిటికీ కాదు. రెండర్థాలొచ్చే మాటలకే.”

“మన భాషలో రెండర్థాలు రాని మాట ఒక్కటి చెప్పు చూద్దాం!”

కొందరు నవ్వారు. పెద్దక్క అన్నదాంట్లో అబద్ధం లేదు. కలపకపోతే ఆ తొమ్మిదివేలూ అలాగే పడుంటాయి. పాప దొరికే కథ కోసం వెతికేవాళ్ళకి ఆ కథ దొరకదు. అది మాత్రం చిన్న నష్టమా? ఆమె కూడా కాదనలేకపోయింది. వరండాలో గోడకి ఆనుకుని ఆగిపోయింది.

అంతవరకూ నోరు విప్పని ఒక నర్సు, డ్యూటీ బట్టల్లోనే ఉంది, మెల్లగా అంది. “నిద్రపోయింది.”

“ఎవరు?” అంది పెద్దక్క.

“ఎవరూ కాదు. మాట. ‘పాప నిద్రపోయింది’. మా వార్డులో అది ఒకోసారి నిద్ర కాదు.”

ఇంకెవరో “దక్కలేదు” అన్నారు. “వదిలేశాడు.” “తీసుకెళ్ళిపోయారు.” “ఆరిపోయింది.” పెద్దక్క కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసింది. అరగంటలో ముప్ఫై ఏడు మాటలు పోగయ్యాయి. లెక్కల టీచరు కదా, ముప్ఫై ఏడుని చూడగానే ఆవిడ మొహంలో బిగువు తగ్గింది. ముప్ఫై ఏడంటే లెక్కకి లొంగేదే.

“మూడు నెలలు చూద్దాం” అంది. “ఈ ముప్ఫై ఏడు మాటలున్న ట్యాగుల్ని ఎవరూ కళ్ళుమూసుకుని కలపొద్దు. రాసినవాళ్ళు ఆ మాట పెట్టగానే సైటే ఒక ప్రశ్న అడిగేలా చేయిస్తాను. పని పెరిగిందని ఏడిస్తే నాతో కాదు, దువ్వెనతో ఏడవండి.”

ఏడ్చారు కూడా. మొదటి నెలలోనే రచయితలు విరుచుకుపడ్డారు. ఎవరైనా ‘పోయింది’ అని పెట్టగానే కింద ఒక వరుస కనబడేది: ‘తప్పిపోయిందా? చనిపోయిందా? వెళ్ళిపోయిందా?’ ఉప్పుగాలి అనే కలంపేరుతో రాసే ఒకాయన నిప్పులు చెరిగాడు. “ముగింపు ముందే చెప్పేస్తే ఇక కథెందుకు? సినిమాహాలు బయట నిలబడి హంతకుడెవరో చెప్పేవాడికీ మీకూ తేడా ఏమిటి?” అని రాశాడు. దానికి అటో వందమంది, ఇటో వందమంది. ఆమె ఆ వాదనంతా చదివింది. తిట్లూ చదివింది. ఉప్పుగాలి కథలు అంతకుముందే ఆమెకి ఇష్టం. ఆయన మాటా న్యాయంగానే తోచింది. అదే ఆమెని ఇంకా కుదురు లేకుండా చేసింది. ఆయనది తప్పని తేలిపోయుంటే ఎంత హాయిగా ఉండేది!

పది రోజులు ఆ ప్రశ్నని మోసుకు తిరిగింది. ఒకరోజు కౌంటర్‌కి ఒకావిడ పెట్టె కోసం వచ్చింది. అందులో ఏముందో రాయమని ఫారం ఇస్తే, “ఏముందో చెప్పను. తాళంచెవి నా దగ్గరుంది, అది సరిపోతే ఇవ్వండి” అంది. తాళం సరిపోయింది, ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నమే పెద్దక్కకి ఫోన్ చేసింది.

“అక్కా, నాలుగోది పెడదాం. ‘చెప్పదలచుకోలేదు’ అని. రాసినాయన గుట్టు ఆయన దగ్గరుంటుంది. చదివేవాళ్ళకి ఇక్కడ ఏదైనా జరగొచ్చని తెలుస్తుంది. భయమున్నవాళ్ళు ఆగిపోతారు.”

“ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే నాకు ఇన్ని తిట్లు తప్పేవిగా” అంది పెద్దక్క. అంటే ఒప్పుకుందన్నమాట.

మూడు నెలలయ్యాయి. ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. వారంపాటు అందరికీ కనపడేలా ఉంచాలన్నది మాత్రం నెగ్గలేదు, అంత పని చేసేవాళ్ళు లేరు. కలపని ట్యాగుల వరుస తొమ్మిదివేలనుంచి పన్నెండువేలైంది. పెద్దక్క ప్రతి ఆదివారం ఆ అంకె చదివి, ఆమె వైపు చూసి, ఏమీ అనదు. ఏదైనా అంటే బాగుండునని ఆమెకి ఉంటుంది. ఆమె ఇప్పుడు రోజుకి ఇరవై ట్యాగులకన్నా ఎక్కువ కలపలేదు, ఒక్కోదానికీ కనీసం మూడు కథలు తెరిచి చూస్తుంది. ఒకప్పటి వేగం మళ్ళీ రాలేదు.

ఆ పాఠకురాలి దగ్గరనుంచి ఐదో నెలలో ఉత్తరం వచ్చింది. క్షమాపణ ఊసు లేదు.

“ఉప్పుగాలి కొత్త కథ మొదలుపెట్టారు. పాప దీవిమీద తప్పిపోయింది. ‘చెప్పదలచుకోలేదు’ అని ఉంది. ఆయన బాగా రాస్తారు, చదవాలని ఉంది, ధైర్యం చాలడం లేదు. మీరు చదివి చెప్తారా, నేను చదవచ్చో లేదో?”

ఆమె అప్పటికప్పుడు, చీటీలు కట్టని సంచుల గుట్ట మధ్య నిలబడి చదివింది. రెండు అధ్యాయాలే ఉన్నాయి. గురువారానికొకటి వేస్తానని ఉప్పుగాలి కింద రాశాడు. చివరేమవుతుందో తెలిసే దారి లేదు. ఆయన్ని అడగవచ్చు, అడిగితే చెప్పినా చెప్తాడు. అడగలేదు. చెప్పదలచుకోలేదన్న మనిషిని అడగడం తను తెచ్చిన పద్ధతిని తనే తుంగలో తొక్కడం అవుతుంది.

“ఇంకా పూర్తి కాలేదండీ” అని రాసింది. “ప్రతి గురువారం ముందు నేను చదువుతాను. ఆ వారానికి పరవాలేదంటే మీకు చెప్తాను. అప్పుడు చదవండి. ఏదైనా ఉంటే అక్కడితో ఆపేద్దాం.”

“సరే” అని వచ్చింది.

అప్పటినుంచి బుధవారం సాయంత్రానికే ఆమెకి మొదలవుతుంది. వరండాలో తిరుగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపేస్తుంది. ఉప్పుగాలి ఆలస్యం చేసిన రోజు భర్త, “ఫోను చూసింది చాలు, అతను కూడా అన్నం తినాలిగా” అంటాడు. ఒక వారం తుఫాను వచ్చింది. ఒక వారం పాపకి జ్వరం. ఆ అధ్యాయాన్ని ఆమె మూడుసార్లు చదివింది, ఒక్క మాటలోనైనా రెండో అర్థం దాక్కుందేమోనని వాక్యం వాక్యం తడిమి చూసింది. జ్వరం తగ్గింది.

ఇప్పటికి పదకొండు అధ్యాయాలయ్యాయి. ప్రతి గురువారం అవతలినుంచి ఒకే మాట వస్తుంది: “ఉందా?”

ఆమె నిలబడే రాస్తుంది: “ఉంది. చదవండి.”